ఎత్తును కొలుచు టెట్లు?

(ఒక గ్రంథాలయ సభలో చేసిన ఉపన్యాసము)



గత వారము ఈ గ్రంథాలయపు అరుగుమీద ఇద్దరు యువకులు వాదులాడుకొనుచుండిరి. దేశమున మానవులు కట్టిన వానిలో మిక్కిలి ఎత్తైనది సర్దారు పటేలు ప్రతిమయని యొకరు, కాదు, ముంబయి మేడయని మరియొకరు. తుదకు మమ్ము చూచి, "ప్లీడరుగారూ, మీరే తీర్పు చెప్పండి" అనిరి. ఇరువది యేండ్లు కోర్టులో నిలిచి మేము నేర్చిన పాఠమొకటి కలదు: మాటకు నిర్వచనము కుదరకమున్ను తీర్పు చెప్పరాదు. కావున ఆనాడు వాయిదా కోరితిమి. నేడు ఆ వ్యాజ్యమునే సభవారి యెదుట విప్పుచున్నాము.

మొదట 'కట్టడము' అను మాటను విశాలార్థమున గ్రహింతము. అప్పుడు యువకు లిరువురును ఓడినట్లే. తిరునెల్వేలి జిల్లా విజయనారాయణమున మన నౌకాదళమువారి రేడియో స్థావరము కలదు. అచ్చటి ఉక్కు స్తంభముల ఎత్తు 471 మీటర్లు. సముద్రములో మునిగి సంచరించు జలాంతర్గాములకు సందేశము లంపుటకై వానిని నిలిపిరి. మిక్కిలి దీర్ఘమైన తరంగములే ఉప్పునీటిలో కొంత లోతునకు చొరగలవు. వానిని పంపుటకు అంతటి స్తంభములు కావలసివచ్చెను. అయినను అవి తమంత తాము నిలుచునవి కావు. నలుదెసల ఉక్కుమోకులు బిగించి పట్టుటచేతనే నిలిచియున్నవి. మోకుల ఊతతో నిలిచిన దానిని, స్వశక్తితో నిలిచిన దానిని ఒక్క బంతిని కూర్చుండబెట్టుట న్యాయము కాదు. కావున ఇది ఒక తరగతి.

స్వయముగా నిలుచు టవరులు రెండవ తరగతి. రామేశ్వరము టెలివిజను టవరు 323 మీటర్లు. పంజాబులోని ఫాజిల్కా టవరు సరిగా వేయి అడుగులు, అనగా 304.8 మీటర్లు. బొగ్గుతో విద్యుత్తు పుట్టించు కేంద్రముల పొగగొట్టములను గూడ ఇచ్చటనే చేర్పవలెను. 500 మెగావాట్లును, అంతకు మించియు గల యంత్రములకు 275 మీటర్ల గొట్టము ఉండవలెనని నియమ మేర్పడెను. ఇది కీర్తికై కట్టిన ఎత్తు కాదు. గంధకపు వాయువు దగ్గరి ఊరిమీద దట్టముగా దిగకుండ దూరముగా చెదరుటకై కట్టినది. గొట్టము ఎంత పెరిగినను విషము తగ్గదు, పలుచనగునంతే.

భవనములు మూడవ తరగతి. ఎత్తైన భవనములకు ప్రమాణములు నిర్ణయించు అంతర్జాతీయ మండలి యొకటి కలదు. ఎత్తులో సగమైనను మనుష్యులు మసలదగిన అంతస్తులు ఉండవలెనని, అట్లు కానిది భవనము కాదని దాని మతము. శిల్పములో భాగమైన శిఖరమును ఎత్తులో చేర్తురు. తరువాత నిలిపిన ఏరియలును చేర్పరు. ముంబయిలో ప్యాలే రాయలు 320 మీటర్లు. వరల్డు వను 280 మీటర్లు. మొదటిది వ్యాజ్యములలో చిక్కి చాలకాలము నిర్మాణము సాగక నిలిచెను. దీపము వెలుగని మేడను నివాసముగా లెక్కింపవలెనా యన్నది మా వృత్తివారికి చక్కని ప్రశ్న!

ఇక ప్రతిమలు. 2018 అక్టోబరు 31న గుజరాతులో ఆవిష్కరింపబడిన పటేలు విగ్రహము 182 మీటర్లు; పీఠముతో గూడ 240. మన ముంగిటి నిదర్శనమును చూడుడు. హైదరాబాదున 2023లోను, విజయవాడలో 2024లోను అంబేద్కరు మహాశయుని విగ్రహములు వెలసినవి. రెండును 125 అడుగులే. కాని మొదటిదాని పీఠము 50 అడుగులు, రెండవదానిది 81. విగ్రహమును కొలిచినచో సమానము; నేలనుండి కొలిచినచో ఒకటి 175, ఒకటి 206. ఇరువురును సత్యమే పలుకుచు కలహింపవచ్చును!

ఆనకట్టలకు కొలత పునాది అడుగునుండి. టెహ్రీ 260.5 మీటర్లు, రాతితో కట్టిన మన నాగార్జునసాగరము 124. అందు కొంత నేలలోపల నున్నది, చూచువారికి కనబడదు. వంతెనల సంగతి వేరు. 2025లో తెరచిన చీనాబు రైలువంతెన నదికి 359 మీటర్ల పైన నున్నదందురు. అది కట్టడపు నిలువు కాదు. ప్రకృతి త్రవ్విన లోయయొక్క లోతు.

తుదకు మన పూర్వుల కట్టడములు. తాజుమహలు 73 మీటర్లు, కుతుబుమినారు 72.5, శ్రీరంగము రాజగోపురము 72. అంకెలలో మీటరు భేదమే కలదు. ఒకటి సమాధి, ఒకటి స్తంభము, ఒకటి ద్వారము. నాలుగు శతాబ్దములు మొండిగా నిలిచిన శ్రీరంగ గోపురము అహోబిల మఠము జీయరుస్వామి పూనికచే 1987లో పూర్తియయ్యెను. 1010లో ముగిసిన తంజావూరు బృహదీశ్వరాలయమున ఎత్తంతయు గర్భగుడిపైని విమానముదే, సుమారు 216 అడుగులు. తరువాతి కాలమున ద్వారగోపురములు పెరిగి విమానములను మించినవి. ఎత్తు దేవుని తలపైనుండి వాకిటికి తరలినదన్నమాట.

కావున మా తీర్పిది: ఏ తరగతి, ఎచ్చటనుండి కొలిచితిరి, దేనికై కట్టితిరి అను మూడు ప్రశ్నలకు బదులీయని అంకె సాక్ష్యముగా చెల్లదు. యువకులలో ఒకరు ప్రతిమలలో, ఒకరు భవనములలో గెలిచిరి. దేశమంతటిలో ఇరువురును ఓడిరి.

కాని నాలుగవ ప్రశ్న యొకటి మిగిలినది. శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురము 2010 మే 26న కుప్పకూలెను. దాని ఎత్తును తరతరములుగా చెప్పుకొని గర్వించినవార మందరమును. కూలుటకు మున్నే దానియందు పగుళ్లు కనబడెను. 2017లో క్రొత్త గోపురమునకు కుంభాభిషేకము జరిగినది. కాని రాయలనాటి రాయి మరల రాదు. ఎత్తును తలయెత్తి చూచితిమే గాని, వంగి పునాదిని చూచినవారెందరు?

కావున ఈ గ్రంథాలయమువారికి మా మనవి యొకటి. ఊరి గోపురము, మసీదు మినారు, నీటిట్యాంకి, వీనికన్నిటికిని ఒక పట్టిక వ్రాయించుడు. ఎత్తెంత, ఎవరు ఎట్లు కొలిచిరి, పగుళ్లెచ్చట నున్నవి, తుదిసారి మరమ్మతు ఏ యేట జరిగినది, ఇవన్నియు అందుండవలెను. అరుగుమీద వాదించిన యువకు లిద్దరును వచ్చే ఆదివారము టేపుతో వత్తుమని మాట యిచ్చిరి. మేమును వత్తుము.