పాల కేంద్రం అమ్మకానికి వచ్చిన రోజున

(చింతలపూడిలో జరిగిన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో ఒక గ్రామ సంఘం పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పాడి గురించి మాట్లాడమంటే మామూలుగా మేము దాణా, పచ్చిమేత, గొంతువాపు టీకాలు, వెన్న శాతం గురించి చెబుతాము. ఈ రోజు వాటి జోలికి పోవడం లేదు. సంఘాల ఆస్తుల అమ్మకం గురించి నాలుగు మాటలు చెప్పమని ఈ సమావేశం ఏర్పాటు చేసినవారు మమ్ములను కోరినారు. ఇంతమంది ఉండగా మమ్ములనే ఎందుకు అడిగినారంటే, మా ఊరి సంఘం తన స్థలాన్ని అమ్ముకోవడానికి గడప దాకా వెళ్లి వెనక్కు వచ్చినది. అందులో మా తెలివితక్కువతనమూ కొంత ఉన్నది. అయినా దాచుకోవలసిన సంగతి కాదు గనుక చెబుతున్నాము.

మాదీ ఈ మెట్ట ప్రాంతపు సంఘమే. రోడ్డు పక్కన పధ్నాలుగు సెంట్ల స్థలం, అందులో రెండు గదుల రేకుల షెడ్డు, ఒక బోరు, పాలు చల్లబరచే ట్యాంకు మా ఆస్తి. ఒకప్పుడు పూటకు ఐదు వందల లీటర్లు వచ్చేవి. తరువాత ఊళ్లోకి ప్రైవేటు వ్యాన్లు వచ్చినవి. ముందు సొమ్ము అప్పుగా ఇచ్చి పాలు కట్టించుకున్నారు. కొందరు పొలాలు ఆయిల్ పామ్‌కు మార్చి గేదెలను అమ్మేసినారు. పాలు నూట ఇరవై లీటర్లకు దిగినవి. ట్యాంకు సగం కూడా నిండక, కరెంటు బిల్లు మాత్రం తగ్గక, రెండేళ్లు వరుసగా బోనసు ఇవ్వలేకపోయినాము. సరిగ్గా అప్పుడే రోడ్డు పక్క స్థలాల ధరలు పెరిగినవి. ఒకాయన వచ్చి మంచి ధర చెప్పినాడు.

రచ్చబండ దగ్గర లెక్కలు మొదలైనవి. స్థలం ధరను రెండు వందల పది మంది సభ్యులతో భాగించి, తలకు ముప్పై వేలు వస్తాయని ఎవరో తేల్చినారు. గేదె రాకపోయినా అర గేదె వస్తుంది కదా అని నవ్వుకున్నారు. పాలకవర్గంలో ఉన్న మేము కూడా ఆ లెక్కను కాదనలేదు. నిజం చెప్పవలసి వస్తే, మాకూ ఆ లెక్క తప్పని తెలియదు.

మహాజనసభ జరిగినది. ముందెన్నడూ రానివారు కూడా వచ్చినారు. సంఘం పుట్టిననాటి నుంచి పాలు పోస్తున్న ఒక మామ్మగారు లేచి, తన వాటా ఎంతో పుస్తకంలో చూసి చెప్పమన్నారు. కార్యదర్శి సభ్యుల రిజిస్టరు తీసినాడు.

"మీ పేరున ఒక్క వాటా ఉన్నదండి మామ్మగారూ. పది."

"పదివేలా అబ్బాయీ? ముప్పై అన్నారు గదా?"

"వేలు కాదండి. పది రూపాయలు."

సభలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మీలో ఎంతమందికి ఈ సంగతి తెలుసునో మాకు తెలియదు గనుక విడమరచి చెబుతాము. కంపెనీ వాటా వేరు, సహకార సంఘం వాటా వేరు. కంపెనీ ఆస్తి విలువ పెరిగితే దాని వాటా ధర బజారులో పెరుగుతుంది. పది రూపాయల వాటా వెయ్యికి పోవచ్చు. మన సంఘంలో పది రూపాయల వాటా ఎప్పటికీ పది రూపాయలే. మానివేసినవారికి ఇచ్చేది ఆ పది రూపాయలే, దానికి రావలసిన డివిడెండు ఏదైనా ఉంటే అది. ఏటేటా మిగులులో కొంత రిజర్వు నిధికి పోతుంది. ఆ నిధి, దానితో కొన్న స్థలం, షెడ్డు, ట్యాంకు సంఘానివే గాని సభ్యులు పంచుకోవడానికి వీలైనవి కావు. ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములు పొలం పంచుకున్నట్లు సంఘం ఆస్తిని పంచుకోవడం సహకార పద్ధతిలో లేదు. సంఘాన్నే మూసివేసినా, లిక్విడేటరు వచ్చి ముందు అప్పులు తీరుస్తాడు, తరువాత వాటాధనం తిరిగి ఇస్తాడు. అంతకు మించి మిగిలినది సభ్యుల జేబులోకి రావాలని సహకార సూత్రాలు చెప్పవు. చనిపోయిన పెద్దలు, ఊరు వదిలిపోయినవారు కూడా ఆ నిధిని కూడబెట్టినారు. చివరన పుస్తకంలో పేరున్నవాళ్లు మొత్తం పంచుకొని పోవడం న్యాయం కాదని ఆ ఏర్పాటు.

ఆ పూట సభ వాయిదా పడినది. ముప్పై వేలు పోయినందుకు కోపం వచ్చినవారు కొందరు, తేలికపడినవారు కొందరు.

ఇది మా ఒక్క ఊరి కథ అయితే మీ ముందు చెప్పవలసిన పని లేదు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం పోయే దారిలో భీమడోలు చక్కెర ఫ్యాక్టరీ మీ అందరికీ తెలుసు. అది పశ్చిమ గోదావరి చెరకు రైతుల సహకార ఫ్యాక్టరీ. 2000 దశకం మొదట్లో రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వరంగ సంస్థలను, సహకార చక్కెర ఫ్యాక్టరీలను అమ్మివేసే కార్యక్రమం పెట్టుకున్నప్పుడు అది ఆంధ్రా షుగర్స్ వారి చేతికి పోయినది. హనుమాన్ జంక్షన్ సహకార ఫ్యాక్టరీ కూడా ఆ రోజుల్లోనే డెల్టా షుగర్స్ అయినది. అదే కాలంలో, 2002లో, 1937 నాటి నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటుకు ఇచ్చినారు. దానిని తీసుకున్నది మన భీమవరం పక్కన వేండ్రలో కాగితం తయారుచేసిన డెల్టా పేపర్ మిల్స్. బోధన్‌తో సహా మూడు ఫ్యాక్టరీలు 2015 డిసెంబరులో మూతపడినవి. ఫ్యాక్టరీ చేతులు మారితే కొత్త యజమాని నడుపుతాడో లేదో చెరకు రైతు చేతిలో ఉండదు. నడిపినా మహాజనసభలో లేచి ధర అడిగే వీలు ఉండదు. భీమడోలు చుట్టుపట్ల రైతులకు ఆ తేడా మేము చెప్పనక్కరలేదు.

పాలకు సంబంధించి మన రాష్ట్రంలో అందరి నోటా ఉన్న పేరు చిత్తూరు డెయిరీ. ఒకనాడు ఆ జిల్లా పాలన్నీ దాని గుమ్మం తొక్కినవి. 2002లో అది మూతపడినది. కారణాల గురించి ఎవరి వాదం వారికున్నది, ఆ తగవులో మేము దిగము. పాలు తగ్గడం, బకాయిలు పేరుకోవడం మాత్రం ఎవరూ కాదనని సంగతులు. యంత్రాలు, భవనాలు ఇరవై ఏళ్లు ఖాళీగా పడి ఉన్నవి. చివరకు 2023 జులై 4న ఆ స్థలంలోనే అముల్ డెయిరీకి శంకుస్థాపన జరిగినది. అముల్ కూడా రైతుల సహకార సంస్థే, కాదనము. అయితే అది గుజరాత్ రైతులది. చిత్తూరు రైతు అక్కడ పాలు పోయవచ్చు గాని, ఆ స్థలం మీద అతని తండ్రికి ఉండిన ఓటు మళ్లీ అతనికి వచ్చిందా అని ఆలోచించండి.

ఇంకొక దూరపు కథ చెబుతాము, ఎందుకంటే అది మన కథకు మరీ దగ్గర. ఆస్ట్రేలియాలో ముర్రే గోల్‌బర్న్ అని పాల రైతుల సహకార సంస్థ ఉండేది. పేరు వింటే మన ముర్రా గేదె గుర్తుకు వస్తుంది గాని, అవి రెండు నదుల పేర్లు. 1950లో పుట్టి ఆ దేశంలో అతి పెద్ద పాల సంస్థ అయినది. పెద్ద ప్లాంట్లు కట్టడానికి 2015లో షేర్ మార్కెట్ ద్వారా బయటివారి సొమ్ము తెచ్చుకున్నది. వారికి లాభం చూపించాలి, రైతుకు పెద్ద ధర ఇవ్వాలి, రెండూ ఒక్క పాలలోంచే రావాలి. 2016 ఏప్రిల్‌లో, ఏడాది లెక్క ముగియడానికి రెండు నెలలు ఉన్నదనగా, ఇస్తానన్న పాల ధరను తగ్గించినది. అప్పటికే ఎక్కువ ఇచ్చిన సొమ్మును రైతుల మీద బాకీగా వేసినది. కోపం వచ్చిన రైతులు పక్క కంపెనీలకు పోయినారు. ఒక్క ఏడాదిలో ఐదో వంతు దాకా పాలు పోయినవి. పాలు లేని ప్లాంట్లకు ఖర్చు తగ్గదు కదా. 2018లో సంస్థ మొత్తాన్ని కెనడా దేశపు సపుటో కంపెనీ కొన్నది. అంత పెద్ద కంపెనీ చేతిలో పాలన్నీ పడకూడదని అక్కడి పోటీ నియంత్రణ అధికారులు అడ్డు చెప్పినందున కొరోయిట్ అనే ఊరి ప్లాంటును విడదీసి మరొక కంపెనీకి అమ్మించినారు. అమ్మకానికి ఓటు వేసినవారు రైతులే. అప్పటికి వేరే దారి వారికి కనబడలేదు.

ఈ రెండు కథల్లో మేము గమనించినది ఒకటే. పత్రం మీద సంతకం పడిన రోజు అమ్మకం చివరి రోజు మాత్రమే. మొదటి రోజు, పాలు వేరే క్యానులోకి పోయిన రోజు. మా ఊళ్లో ఆ మొదటి రోజున పాలకవర్గం ఏం చేస్తున్నదని అడిగితే, మా దగ్గర జవాబు లేదు. వెన్న పరీక్ష మీద అనుమానం ఉన్నదని ఇద్దరు ముగ్గురు ముందే చెప్పినారు. మేము పట్టించుకోలేదు. చెల్లింపులు పది రోజులకు బదులు పాతిక రోజులకు పోయినవి. దానికీ ఏదో ఒక సాకు చెప్పినాము. వ్యాన్లవారు మా పాలు ఎత్తుకుపోలేదు, మేమే వదిలినాము.

అమ్మకమే కాదు, లీజు సంగతి కూడా చూడాలి. కొల్లేరు మీ ఎదుటే ఉన్నది. 1970 దశకంలో ప్రభుత్వం కొల్లేటి మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు ఇచ్చినది. రానురాను చాలా చెరువులు పెట్టుబడిదారుల లీజులోకి పోయినవి. పేరు సంఘానిది, చేప లీజుదారుది, సంఘం సభ్యుడు తన చెరువు గట్టు మీదనే కూలీ అయినాడు. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2006లో అందులోని చెరువుల గట్లు తెగగొట్టినప్పుడు లీజుదారు వేరే చోట చెరువు చూసుకున్నాడు. సభ్యునికి పోవడానికి వేరే చోటు ఏది? మన పాల కేంద్రం షెడ్డును "ఊరికే పడి ఉన్నది, నెలకు ఇంత అద్దె వస్తుంది" అని ఎవరైనా అడిగినప్పుడు మాకు ఆ గట్టు గుర్తుకు వస్తున్నది.

ఆస్తి ఎవరిది అన్న ప్రశ్న మన డెయిరీలలో ముందు నుంచీ చిక్కుగానే ఉన్నది. పాల వ్యాపారం మొదట ప్రభుత్వ శాఖ చూసినది, 1974లో కార్పొరేషను వచ్చినది, 1981లో ఫెడరేషను అయినది. ప్రభుత్వ ధనంతో కట్టిన ప్లాంట్లు కొన్ని, రైతుల సొమ్ముతో వచ్చినవి కొన్ని, రెండూ కలిసినవి కొన్ని. 1995లో పరస్పర సహాయ సహకార చట్టం వచ్చినాక కొన్ని జిల్లా యూనియన్లు అందులో చేరినవి. 2006లో ప్రభుత్వం చట్టం సవరించి డెయిరీలను తిరిగి 1964 చట్టం కిందికి తేబోయినది. హైకోర్టు ఆ సవరణను కొట్టివేసినది, 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసినది. సంఘంగా ఏర్పడడం, దానిని తమ ఇష్టప్రకారం నడుపుకోవడం సభ్యుల హక్కు అన్నది ఆ తీర్పులో మనకు పనికివచ్చే మాట. కానీ హక్కు ఉన్నది గదా అని కాగితాలు చూసుకోకపోతే ఏమవుతుందో మా సంగతే చెబుతాము.

వాయిదా పడిన సభ తరువాత మేము స్థలం దస్తావేజు వెతికినాము. దస్తావేజు లేదు. నలభై ఏళ్ల కిందట ఊరి పెద్ద ఒకరు స్థలాన్ని సంఘానికి ఇచ్చినట్లు తెల్లకాగితం మీద రాసి, నలుగురి చేత సాక్షి సంతకాలు పెట్టించినారు. రిజిస్ట్రేషను చేయించలేదు. స్థిరాస్తి దానం రిజిస్టరు కాకపోతే చెల్లదని ఆనాడు ఎవరికీ తట్టలేదు. లెక్కప్రకారం ఆ పధ్నాలుగు సెంట్లు ఈనాటికీ వారి వారసుల పేరున ఉన్నట్లే. కొనవచ్చినాయన ఆ సంగతి మాకంటే ముందే కనిపెట్టి వారసులలో ఒకరితో విడిగా మాట్లాడినాడట. మేము తలకు ముప్పై వేలు లెక్క వేసుకుంటున్న రోజుల్లోనే.

ఏ ఆస్తీ ఎప్పుడూ అమ్మకూడదని మేము అనడం లేదు. పాడైన జనరేటరును అమ్మి కొత్తది కొనవచ్చు. ఊరి మధ్య ఇరుకు గది ఇచ్చి రోడ్డు పక్కన వెడల్పు స్థలం తీసుకోవచ్చు. అమ్మిన సొమ్ముతో పాలు పోసుకునే చోటు మెరుగవుతుందా, పోతుందా అన్నదే చూడవలసినది. అది కూడా పాలకవర్గం నలుగురూ గదిలో కూర్చుని తేల్చే పని కాదు. మహాజనసభ నోటీసులో స్థలం, విలువ, కొనేవారు, కారణం అన్నీ రాసి సభ్యులకు ముందుగా చేర్చాలి. మినిట్స్ పుస్తకంలో "ఇతర విషయములు" అన్న చోట ఇరికించిన తీర్మానాలను మేము చూసినాము, ఒకటి రెండు మేమే రాసినాము కూడా.

మధ్యాహ్నం భోజనాల తరువాత వరండాలో బల్ల వేసి ఉంటుంది. మీ సంఘం స్థలం ఎవరి పేరున ఉన్నదో, ట్యాంకు ఎవరి స్టాకు పుస్తకంలో ఉన్నదో, ఫెడరేషను ఇచ్చినదా సంఘం కొన్నదా, మీకు తెలిసినంత అక్కడ రాయించండి. తెలియకపోతే తెలియదనే రాయించండి, సిగ్గుపడవలసినది లేదు. వచ్చే సమావేశానికి దస్తావేజుల నకళ్లు తెచ్చుకుంటే ఒకరివి ఒకరు చూసుకోవచ్చు.

మా సంగతి ఇంకా తేలలేదు. వెన్న పరీక్ష యంత్రాన్ని బాగుచేయించి, సభ్యుల ఎదుటే పరీక్ష పెట్టి, పది రోజులకు ఒకసారి డబ్బు ఇస్తున్నాము. పాలు నూట ఇరవై నుంచి రెండు వందల నలభైకి వచ్చినవి. ఐదు వందలు ఇంకా దూరం. స్థలం ఇచ్చిన పెద్దాయన వారసులు ఐదుగురిలో నలుగురు సంఘం పేరున రిజిస్టరు చేయడానికి ఒప్పుకొని సంతకాలు పెట్టినారు. ఐదో ఆమె హైదరాబాదులో ఉంటున్నారు. కొనవచ్చినాయన ఆమె దగ్గరికి కూడా వెళ్లి వచ్చినాడని విన్నాము. సంక్రాంతికి ఊరికి వస్తారని కబురు. స్టాంపు ఖర్చులకు కావలసిన సొమ్ము సంఘం ఖాతాలో విడిగా పెట్టి ఉంచినాము. ఆమెతో మాట్లాడడానికి ముందుగా మామ్మగారే వెళతామన్నారు, ఆ అమ్మాయిని చిన్నప్పుడు ఎత్తుకున్న చనువు ఆమెకున్నది.