విదేశీ నర్సింగ్ లైసెన్స్ పరీక్ష: ప్రాక్టీస్ ప్రశ్నల్ని ఎలా వాడుకోవాలి?

(నర్సింగ్ విద్యార్థులు, స్టాఫ్ నర్సుల అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్దానంలో ఏ ఊరికెళ్లినా గల్ఫ్ మాట వినిపిస్తుంది. విజయనగరం వైపూ అంతే. కానీ నర్సుగా వెళ్లాలంటే వీసా ఒక్కటే చాలదు, ఆ దేశపు లైసెన్స్ పరీక్ష పాసవ్వాలి. సౌదీ, దుబాయ్ వాళ్లు ప్రొమెట్రిక్ కేంద్రాల్లో కంప్యూటర్ మీద పెడతారు. అమెరికాకైతే ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్. దానికి హైదరాబాద్‌లో కేంద్రం ఉంది.

నేను జర్నలిజం చదివి ఈ ఉద్యోగంలోకి వచ్చాను. వైద్యం సంగతి మీ ట్యూటర్లనే అడగండి. పరీక్ష తీరు, డబ్బు సంగతి మాత్రం నేను చెప్తాను.

ఈ జిల్లాల్లో ఎక్కువగా వినిపించే ప్రశ్న ఒకటుంది: "ఏటండీ, పాత ప్రశ్నలే మళ్లీ వస్తాయట కదా?" ఆ మాట చెప్పే పీడీఎఫ్‌లు అమ్ముతుంటారు. కొనకండి. ఎన్‌క్లెక్స్‌లో మీరిచ్చే జవాబును బట్టి కంప్యూటర్ తర్వాతి ప్రశ్న ఎంచుతుంది. ఒకరికి 85 ప్రశ్నలకే ఆగిపోవచ్చు, ఇంకొకరికి 150 దాకా వెళ్లొచ్చు. సమయం 5 గంటలు. పైగా అసలు ప్రశ్నలు బయటపెట్టడం, వాడుకోవడం నిబంధనలకు విరుద్ధం, ఫలితమే రద్దు కావచ్చు.

మరి ప్రాక్టీస్ ప్రశ్నలెందుకు? మీరు ఎక్కడ తడబడుతున్నారో తెలుసుకోడానికి. ఒకటి చూడండి.

రక్తం ఎక్కిస్తున్న రోగికి చలి, వణుకు, నడుం నొప్పి మొదలయ్యాయి. నర్సు మొట్టమొదట ఏం చేయాలి? డాక్టరుకు చెప్పాలా, బీపీ చూడాలా, రక్తం ఆపాలా, బ్యాగును ల్యాబుకు పంపాలా?

నాలుగూ చేయాల్సినవే. అందుకే చాలామంది డాక్టరుకు చెప్పడం మీద టిక్ పెట్టేస్తారు. జవాబు మాత్రం రక్తం ఆపడం, ఎందుకంటే ఫోన్ చేసేలోగా ఇంకొంత రక్తం లోపలికి వెళ్లిపోతుంది. ఇక్కడ తప్పు పెట్టినామెకు పాఠం రాకపోవడం కాదు, "మొట్టమొదట" అన్న మాట దాటేసింది. ఆ తేడా నోటుబుక్కులో రాసుకోవాలి: పాఠం రాలేదా, ప్రశ్న సరిగా చదవలేదా, ఇంగ్లీషు అర్థం కాలేదా? ఒక్కోదానికి మందు వేరు. గుడ్డిగా తగిలిన సరైన జవాబుల్ని కూడా తప్పుల కిందే రాయండి.

రోజుకి 30 ప్రశ్నలు చేసి, నాలుగు ఆప్షన్లకీ కారణాలు చదవడం మేలు. నైట్ డ్యూటీ చేసొచ్చి 200 లాగించేస్తే స్కోరు తప్ప ఏం మిగలదు. 2023 ఏప్రిల్ నుంచి ఎన్‌క్లెక్స్‌లో ఒకే రోగి కథ మీద ఆరేసి ప్రశ్నలొస్తున్నాయి, అవి కూడా సాధన చేయండి. టెస్ట్ ప్లాన్ అధికారిక సైట్లో ఉచితం.

ఇక డబ్బు. ఎన్‌క్లెక్స్ ఇక్కడ రాస్తే నమోదుకు 200 డాలర్లు, విదేశీ కేంద్రానికి మరో 150. తప్పితే 45 రోజులు ఆగి మళ్లీ కట్టాలి. చాలా ఇళ్లల్లో అది బంగారం తాకట్టు పెట్టి తెచ్చే సొమ్ము. మాక్ టెస్టుల్లో నిలకడ వచ్చాకే తేదీ తీసుకోండి.

గల్ఫ్ దేశాలకు నర్సుల్ని పంపే పని కేంద్రం 2015లో ప్రభుత్వ సంస్థలకు అప్పగించింది. మన రాష్ట్రంలో అది ఓంక్యాప్. ఎవరైనా ఏజెంటునని వస్తే ముందు ఈ-మైగ్రేట్ పోర్టల్లో పేరు చూడండి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగల రుసుము గరిష్ఠంగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. రశీదు అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు మాత్రం ఎవరి చేతికీ ఇచ్చి రావద్దు.