థైరాయిడు రక్తపరీక్ష - వైద్యునితో సంభాషణము
(వార్షిక మహాసభయందు పలమనేరులో గావించిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు పెద్దలు ప్రసంగించిన పిమ్మట నేనొక చిన్న కాగితమును గూర్చి మాటలాడ నిలిచితిని. అది రక్తపరీక్షాశాలవారిచ్చు థైరాయిడు నివేదిక. నేను వైద్యుడను గాను. అయినను, మాయింట జరిగిన పొరపాటు మీ యిండ్లలో జరుగరాదని ఈ నాలుగు మాటలు విన్నవించుచున్నాను.

మా తమ్ముని కుమార్తెకు వివాహము నిశ్చయమైన దినములలో నీరసము మిక్కుటమై పరీక్ష చేయించితిమి. టి.ఎస్.హెచ్. అనుచోట అంకె పెద్దదిగా నుండెను. వైద్యుడు మాత్రలు వ్రాసియిచ్చెను. పెండ్లివారికి తెలిసిన సంబంధము చెడునని పెద్దలమైన మేమే సంగతి దాచితిమి. అత్తవారింట నలుగురు చూతురను జంకుచే ఆ బిడ్డ మాత్రలు మానివేసెను. కొన్ని నెలలకు నీరసము, మలబద్ధము, చలికి తాళలేకుండుట మరల కనబడెను. కోడలు సోమరియని యింటివారనుకొనిరి. తుదకు మామగారే వైద్యునియొద్దకు తోడుకొనిపోయి, సంగతి తెలిసికొని, "ఇంతమాత్రమునకు దాచవలెనా?" యని మమ్మడిగిరి. మాయొద్ద నుత్తరము లేకపోయెను.

థైరాయిడు గ్రంథి మెడ ముందుభాగమున నుండును. శరీరపు వేడిని, గుండెనడకను, జీర్ణమును దిద్దు థైరాక్సిన్ అను రసమును అది పుట్టించును. దానిని అదలించునది మెదడు క్రిందనున్న పీయూషగ్రంథి. ఆ యదలింపే టి.ఎస్.హెచ్. మొగిలి కనుమ నెక్కు ఎద్దులబండిని తలపునకు దెచ్చుకొనుడు. ఎద్దులు మందగించినకొలది బండివాని యదలింపు హెచ్చును. అవి పరుగెత్తిన నతడు ఊరకుండును. కావున టి.ఎస్.హెచ్. హెచ్చిన, సాధారణముగా గ్రంథి మందగించినదని యర్థము. మిక్కిలి తగ్గిన, గ్రంథి మితిమీరి పనిచేయుచున్నదని తరచు అర్థము. అప్పుడు గుండెదడ, చేతుల వణకు, ఒళ్లు తగ్గుట కలుగవచ్చును.

పెద్దవారికి టి.ఎస్.హెచ్. సుమారు 0.4 మొదలు 4 వరకు నుండుట సామాన్యము. పరీక్షాశాలలను బట్టి హద్దులు కొంచెము భేదించును గనుక మీ కాగితముమీద ముద్రించిన హద్దుతోనే పోల్చుకొనవలెను. గర్భవతుల హద్దు వేరు. అంకె హద్దు దాటియు 10 లోపల నుండి, టి4 సరిగా నున్నయెడల, అనేకులకు వెంటనే మందక్కరలేదు. కొన్ని వారములకు మరల పరీక్షించి నిర్ణయింతురు. టి.ఎస్.హెచ్. హెచ్చి టి4 తగ్గినచో మందు కావలసియుండును. ఒక్క అంకె తీర్పు గాదు. మనిషిని చూచి వైద్యుడు చెప్పునదే తీర్పు.

కుప్పము వైద్యకళాశాలకు పోయినను, వేలూరికి పోయినను, పాత కాగితములను తేదీల వరుసను తీసికొనిపొండు. వాడుచున్న మందులన్నియు చెప్పుడు. జుట్టునకై బయోటిన్ మాత్రలు మ్రింగువారు పరీక్షకు ముందే చెప్పవలెను. అవి అంకెలను తారుమారు చేయగలవు. పిమ్మట ఇట్లడుగుడు: నా గ్రంథి మందగించినదా, మితిమీరినదా? మందు ఇప్పుడే కావలెనా, మరల పరీక్షించి చూతమా? మాత్ర నెట్లు వేసికొనవలెను? మరల పరీక్ష యెప్పుడు? అడుగుట అవిధేయత గాదు.

థైరాక్సిన్ మాత్రను పరగడుపున మంచినీళ్లతో మ్రింగి, కాఫీకి అరగంట యైన నాగవలెను. ఇనుము, సున్నపు మాత్రలకు నాలుగు గంటల యెడముండవలెను. రక్తములో థైరాక్సిన్ సగము తరుగుటకే సుమారు 7 దినములు పట్టును. అందుచే మోతాదు మార్చిన 6 మొదలు 8 వారములకు గాని పరీక్ష నిజము చెప్పదు. మాత్రలు వాడుచుండగా అంకె సరియైనచో అది మాత్రల ఫలమే. మానుటకు సెలవు గాదు. గర్భము నిలిచినదని తెలిసిన మాత్ర మానక, వెంటనే వైద్యుని చూడవలెను. మొదటి మాసములలో శిశువునకు తల్లి థైరాక్సినే ఆధారము.

జీవితాంతము మందాయని దిగులుపడువారికి ఒక్క సంగతి. 1891లో ఇంగ్లండున జార్జి ముర్రే యను వైద్యుడు, గ్రంథి చెడిన 46 ఏండ్ల స్త్రీకి గొఱ్ఱె థైరాయిడు సారము నిచ్చెను. ఆమె ఆ మందుతో మరి 28 ఏండ్లు జీవించెను. నేటి చిన్న మాత్ర దానికంటె నెంతో సులభము.

సోదరులారా! క్షయయను పేరు చెప్పుటకే జనులు జంకిన కాలమున మదనపల్లె చెంత ఆరోగ్యవరమున చికిత్సాలయము వెలసెను. 1948లో మనదేశమున బి.సి.జి. టీకా మొదట వేసిన చోట్లలో మదనపల్లె యొకటి. అంటువ్యాధిని వెలుతురునకు దెచ్చి యెదుర్కొన్న ఈ సీమలో, అంటని థైరాయిడు లోపమును దాచుట తగునా? సంబంధములు మాటలాడునప్పుడు ఈ సంగతిని దాపరికము లేక చెప్పుదము. విన్నవారము దానిని దోషముగా నెంచకుందము. మన బిడ్డలు మాత్రను చాటుగా గాక, వంటింటి గూటిలో నుంచుకొని నిర్భయముగా వేసికొందురు గాక!