సంక్రాంతి ఆటలో బడిపాఠము

(సంక్రాంతి సెలవులకు ముందు ఒక గ్రామ పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగము)



ధనుర్మాసము వచ్చినది. మీ వాకిళ్ళలో ముగ్గులు, ముగ్గుల నడుమ గొబ్బెమ్మలు కానవచ్చుచున్నవి. కళ్ళముల నుండి ధాన్యము ఇండ్లకు చేరుచున్నది. పిల్లల మనస్సు అప్పుడే గాలిపటముల వెంట ఎగిరిపోయినది. ఈ దినములలో పాఠము తలకెక్కదని ఉపాధ్యాయులు విచారపడుట సహజము. మనస్సు పండుగపై నున్నప్పుడు పాఠమునే పండుగలోనికి తీసికొనిపోరాదా? ఈ మాటయే నేడు మీకు మనవి చేయవచ్చితిని.

అడ్డంకుల పందెమును మీరందరు చూచినవారే. త్రాటి క్రింద దూరుట, గీతలు దాటుట, బరువు మోయుట అందులోని అంగములు. ఆ అడ్డంకులకు పండుగ రూపమిచ్చి, ఒక్కొక్క దానివద్ద ఒక చిన్న పాఠము నుంచినచో అది సంక్రాంతి బాట యగును. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. బడి ఆవరణ, కొంచెము ముగ్గుపిండి, ఒక నూలు త్రాడు, పాత కాగితములు, ఈనెపుల్లలు, ఒక కర్ర చాలును.

మొదటి మజిలీ ముగ్గు. నడుమ వరుసలో 3 చుక్కలు, దానికి ఇరుప్రక్కల సందు చుక్కలుగా రెండేసి, వాని కావల ఒక్కొక్కటి పెట్టవలెను. మొత్తము 9. ఒకటవ తరగతి బిడ్డ ఒక్కొక్క చుక్కపై అడుగు వేయుచు, పైకి లెక్కించుచు సాగిపోవును. మూడవ తరగతి వారికి 5 చుక్కల ముగ్గు పెట్టుడు. 1, 2, 3, 4, 5, 4, 3, 2, 1 కలిపిన 25. అదే ముగ్గును ఏటవాలుగా చూచినచో ఐదేసి చుక్కల వరుసలు ఐదు! బిడ్డ వల్లించిన ఐదవ ఎక్కము నేలపై కంటి కగపడును. తల్లులారా, ఈ పాఠమునకు మీకంటె మంచి గురువులు లేరు.

రెండవ మజిలీ గాలిపటములు. మోకాలి ఎత్తున త్రాడు కట్టి, దానికి అక్షరములు వ్రాసిన కాగితపు గాలిపటములు వ్రేలాడదీయవలెను. బిడ్డ త్రాటి క్రింద ప్రాకి, ఒక పటమును పట్టుకొని, ఆ అక్షరముతో మొదలగు పండుగ మాట చెప్పవలెను. 'అ' అనిన అరిసె, 'భో' అనిన భోగి, 'గం' అనిన గంగిరెద్దు. గాజుపొడి పూసిన దారమును మాత్రము బడి దరిదాపులకు రానీయకుడు.

మూడవ మజిలీ కళ్ళము. ఈనెపుల్లలనే వరికంకులుగా భావించి, పదింటిని ఒక పనగా కట్టవలెను. ఉపాధ్యాయుడు 23 అనిన, బిడ్డ 2 పనలు, 3 విడిపుల్లలు బుట్టలో పెట్టుకొని, నేలపై గీసిన గట్లను దాటుచు గాదెకు చేర్చవలెను. ఒకట్ల స్థానము, పదుల స్థానము అను మాటలు అటుపిమ్మట చెప్పినను సులభముగా బోధపడును.

కడపటి మజిలీ సూర్యుడు. ఇది పెద్ద తరగతులవారిది. ఒక మీటరు కర్రను నిలువుగా పాతి, నీడ మిక్కిలి పొట్టిగానుండు మధ్యాహ్న సమయమున వారమున కొకసారి నీడ కొనను గుర్తింపవలెను. విజయవాడ ప్రాంతమున డిసెంబరు 22 నాటి నీడ సుమారు 84 సెంటీమీటర్లు. జనవరి 14 నాటికి సుమారు 78. సూర్యుడు ఉత్తరమునకు మరలుట డిసెంబరు 21, 22 తేదీలలోనే మొదలగును. పంచాంగ గణనలో మకరరాశి ప్రవేశము జనవరి 14న గాని, 15న గాని వచ్చును. బడి మూసిన పిదప ఈ కొలతను పిల్లలు తమ వాకిటనే తీసికొందురు.

ఇక నా తప్పు నొకదానిని చెప్పుకొనవలెను. ఒక ఊరిలో ఇట్టి బాటను ఏర్పరచి నన్ను అతిథిగా పిలిచిరి. ఉత్సాహము పట్టలేక ఈల ఊది, ముందు వచ్చినవారికి బహుమతి యని ప్రకటించితిని. పిల్లలు చుక్కలను త్రొక్కి చెరిపి పరుగెత్తిరి. రెండవ తరగతి బాలిక యొకతె మాత్రము వంగి, ఒక్కొక్క చుక్కను వ్రేలితో తాకుచు లెక్కించుచుండెను. అందరికంటె చివర ఆమె వచ్చినది. ఎవరో నవ్విరి. నేను బహుమతులు పంచుచుండగా ఆ బిడ్డ తల్లి కొంగు చాటున దాగినది. తప్పులేకుండ లెక్కించినది ఆమె ఒక్కతెయే యని ఉపాధ్యాయురాలు చెప్పునప్పటికి బహుమతులు అయిపోయినవి. మరునాడు ఆ ఉపాధ్యాయురాలు ఈల లేకుండ, బహుమతి లేకుండ అదే బాటను నడిపించెను. తోటివారికి చుక్కలు పెట్టి చూపినది ఆ బాలికయేనట.

కాబట్టి దీనిని పందెముగా చేయకుడు. పిల్లలను ఇద్దరిద్దరుగా పంపుడు. నడువలేని బిడ్డ కూర్చుండి పుల్లలు లెక్కింపవచ్చును. చూపులేని బిడ్డకు చుక్కల చోట గులకరాళ్ళు పెట్టవచ్చును. ఎవరు ఎచ్చట ఆగిరో ఉపాధ్యాయుడు గుర్తు పెట్టుకొనవలెను. బిడ్డ ఆగిన చోటే మరునాటి పాఠము. సంక్రాంతి జరుపుకొనని ఇండ్ల బిడ్డలకును పంట పండుగయే. రంజాను నెలవంకతో, క్రిస్మసు నక్షత్రముతో కూడ ఇట్టి బాటలు వేయవచ్చును.

ఇది క్రొత్త వింత కాదు. 1920లోనే గుజరాతులోని భావనగరమున గిజుభాయి బధేకాగారు బాలమందిరమును నెలకొల్పి ఆటకు బడిలో పీట వేసిరి. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్ల వయస్సును పునాది దశగా గుర్తించి, ఆ దశలో ఆటపాటలతో బోధింపవలెనని చెప్పినది. విధానము కాగితముపై నుండును. దానిని నేలపై పరచవలసినవారు మీరు.

ఈ సంక్రాంతికి ముందు ఒక్క పూట బడి ఆవరణకు రండు. తల్లులు చుక్కలు పెట్టుడు, తండ్రులు పనలు కట్టుడు. కొంగు చాటున దాగిన బిడ్డ మన ఊరిలో ఎవరో వెదకి, ముందుగా ఆ బిడ్డ చేయి పట్టుకొని బాటపైకి తీసికొనిరండు.