ఇరుపక్షాల పేర్లు

(సంఘ వార్షికోత్సవం నాటి సాహిత్య కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. వంటశాల నుంచి సాంబారు వాసన వస్తోంది కనుక అంతకు మించి తీసుకోనని ముందే హామీ ఇస్తున్నాను. నేను పండితుణ్ణి కాను. ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళు చదివినవాణ్ణి. రిటైరయ్యాక భారతం చదవడం మొదలుపెట్టాను. ఏదో నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

మొన్న వేసవి సెలవులకి మనవడు వచ్చాడు. రాత్రి డాబా మీద పడుకుని భారతం చెబుతుంటే వాడొక ప్రశ్న వేశాడు. "తాతయ్యా, దుర్యోధనుడు చెడ్డవాడు అవుతాడని పుట్టినప్పుడే వాళ్ళమ్మకి తెలుసా? లేకపోతే అలాంటి పేరెందుకు పెట్టింది? తమ్ముడికి కూడా దుశ్శాసనుడు అని పెట్టింది కదా!" నాకు వెంటనే జవాబు తోచలేదు. పొద్దున చెబుతానని తప్పించుకున్నాను. ఆ జవాబు కోసం పుస్తకాలు తిరగేస్తే దొరికిన సంగతులే ఈ ప్రసంగం.

ముందుగా పేర్ల పట్టీ చూద్దాం. ఆదిపర్వంలో గాంధారి కొడుకుల పేర్లు వరసగా చెప్పారు. పాఠభేదాలు ఉన్నాయి గాని వరస ఇంచుమించు ఒకటే. దుర్యోధనుడు, దుశ్శాసనుడు, దుస్సహుడు, దుర్ముఖుడు, దుర్మర్షణుడు, దుష్కర్ణుడు, ఇలా సాగుతుంది. ఇది కథ చెప్పేవాడికి గొప్ప సదుపాయం. నూరుమందిని విడివిడిగా గుర్తుపెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. పేరు మొదట "దుర్" వినపడగానే వీడు అవతలి పక్షం అని వినేవాడికి అర్థమైపోతుంది. యుద్ధరంగంలో సైనికుడికి జెండా ఎలాగో, వినేవాడికి ఆ మొదటి అక్షరం అలాగ.

అయితే "దుర్" అంటే చెడ్డ అని ఒక్క అర్థమే కాదండి. దుర్వాసనలో "దుర్" చెడ్డదే. దుర్లభంలో "దుర్" చెడ్డదా? దుర్లభం అంటే చెడ్డ లాభం కాదు కదా, దొరకడం కష్టం అని. దుర్గం అంటే చొరబడడం కష్టమైన కోట. అమ్మవారి పేరు దుర్గ. అలాగే దుర్యోధనుడు అంటే ఎదిరించి పోరాడడం కష్టమైనవాడు. దుశ్శాసనుడు అంటే అదుపులో పెట్టడం కష్టమైనవాడు. దుస్సహుడు అంటే శత్రువుకి తట్టుకోవడం కష్టమైనవాడు. క్షత్రియుడి కొడుక్కి ఇంతకంటె మంచి పేర్లు ఏముంటాయి? గాంధారి చెడ్డపేర్లు పెట్టలేదు. కొడుకుల నడవడి వల్ల మన చెవికి అవి చెడ్డపేర్లయినాయి. మనవడికి పొద్దున ఇదే చెప్పాను. "అయితే పేరు తప్పు కాదన్నమాట" అని వాడు కాఫీ గ్లాసు కడగడానికి వెళ్ళిపోయాడు.

ఇంకో చిత్రం చూడండి. ధర్మరాజు అసలు పేరు యుధిష్ఠిరుడు. యుద్ధంలో స్థిరంగా నిలిచేవాడని అర్థం. దుర్యోధనుడి పేరులోనూ యుద్ధమే ఉంది. ఆయనకి సుయోధనుడనే పేరు కూడా భారతంలోనే ఉంది. అందులోనూ యుద్ధమే. అంటే రెండు పక్షాల పెద్దల పేర్లూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. ఒకే ఇంట్లో, ఒకే వంశంలో, ఒకే రకంగా పెట్టిన పేర్లు. అసలు కౌరవులంటే ఎవరు? కురువంశంలో పుట్టినవాళ్ళు. ఆ లెక్కన పాండవులూ కౌరవులే. గీతలో శ్రీకృష్ణుడు అర్జునుణ్ణి కురునందనా అని పిలుస్తాడు. అందరికీ చెందిన ఇంటిపేరు ఒక పక్షానికే మిగిలిపోయి, రెండో పక్షం తండ్రి పేరుతో వేరయింది. గీత మొదటి శ్లోకంలోనే ధృతరాష్ట్రుడు నావాళ్ళు, పాండవులు అని విడదీసి అడుగుతాడు. తమ్ముడి కొడుకులు నావాళ్ళు కాకుండా పోయారు. భారతయుద్ధం అక్కడే ఉందని నాకనిపిస్తుంది. బాణాలు తరువాత సంగతి.

ఈ పద్ధతి ఇంకా వెనక్కి వెళితే కూడా కనపడుతుంది. కశ్యప ప్రజాపతికి అనేకమంది భార్యలు. అదితి కొడుకులు ఆదిత్యులు. దితి కొడుకులు దైత్యులు. దనువు కొడుకులు దానవులు. కద్రువ పిల్లలు కాద్రవేయులు, అంటే పాములు. వినత కొడుకు వైనతేయుడు, అంటే గరుత్మంతుడు. తండ్రి ఒక్కడే కనుక తండ్రి పేరుతో పిలిస్తే తేడా తెలియదు. అందుచేత తల్లి పేరుతో పిలిచారు. అదితి, దితి అన్న రెండు పేర్లకీ మధ్య ఒక్క అక్షరమే తేడా. ఆ ఒక్క అక్షరం మీద ఎన్ని యుద్ధాలు జరిగాయో పురాణాలు చెబుతాయి.

సుర, అసుర అన్న మాటల కథ మరీ విచిత్రం. సురులు కానివాళ్ళు అసురులని మనం అనుకుంటాం. పాలసముద్రంలో పుట్టిన వారుణిని స్వీకరించినవాళ్ళు సురులు, కాదన్నవాళ్ళు అసురులు అని వాల్మీకి రామాయణం బాలకాండలో ఉంది. భాషాశాస్త్రజ్ఞులు చెప్పేది వేరు. ఋగ్వేదంలో అసుర అన్నది గౌరవవాచకం. వరుణుణ్ణి, ఇంద్రుణ్ణి, అగ్నిని కూడా అసురుడన్నారు. ప్రభువు, శక్తిమంతుడు అని భావం. తరువాతి కాలంలో మొదటి "అ" కారాన్ని కాదు అనే అర్థంలో తీసుకుని, అది తీసేసి "సుర" అనే కొత్తమాట పుట్టించారు. అంటే శత్రువు పేరు ముందు, మన పేరు తరువాత! ఇరాన్ ప్రాచీన మతంలో ఇది సరిగ్గా తలకిందులు. అక్కడ అహుర మజ్దా దేవుడు, దైవులు రాక్షసులు. పేర్లు అవే. ఏ ఒడ్డున నిలబడి చూస్తున్నామన్నదే తేడా.

రామాయణంలో కూడా జంటపేర్లు రెండువైపులా సమానంగా ఉన్నాయి. ఇటు నలుడు, నీలుడు. అటు కుంభుడు, నికుంభుడు. ఇటు మైందుడు, ద్వివిదుడు. అటు దేవాంతకుడు, నరాంతకుడు. మన సినిమావాళ్ళు కూడా ఈ కిటుకు బాగా పట్టుకున్నారు. 1957లో వచ్చిన "మాయాబజార్" గుర్తుచేసుకోండి. కౌరవులవైపు శర్మ, శాస్త్రి. ఘటోత్కచుడివైపు లంబు, జంబు. ఎవరి జంట వారిది. ఇంకో విశేషం ఏమంటే ఆ సినిమాలో పాండవులు ఐదుగురూ తెర మీదకే రారు. పేరు మాత్రమే వినపడుతుంది. పక్షం అంటే అంతేనండి. మనుషులు కనపడకపోయినా పేరు ఉంటే చాలు, నడిచిపోతుంది.

ఇంతవరకూ పేర్లు పక్షాన్ని ఎలా చూపిస్తాయో చెప్పాను. వ్యాసుడి గొప్పతనం అక్కడితో ఆగిపోలేదు. పేరు ఒకటి, మనిషి ఒకడు అయినవాళ్ళని ప్రతి పక్షంలోనూ ఒకళ్ళిద్దర్ని పెట్టాడు.

ద్రౌపదిని సభకి ఈడ్చుకొచ్చిననాడు భీష్మద్రోణులు అడ్డుకోలేదు. నోరు విప్పి ఇది అధర్మం అన్నవాడు దుర్యోధనుడి సొంత తమ్ముడు వికర్ణుడు. యుద్ధంలో మాత్రం అన్నగారి పక్షానే పోరాడి భీముడి చేతిలో చనిపోయాడు. చంపిన భీముడే అతని కోసం విచారించాడు.

యుయుత్సుడు ధృతరాష్ట్రుడికి వైశ్యస్త్రీ వల్ల పుట్టిన కొడుకు. ఆ పేరుకి అర్థం యుద్ధం కోరేవాడు అని. రేపోమాపో శంఖాలు ఊదుతారనగా కాదు, సేనలు ఎదురెదురుగా నిలబడ్డాక, ధర్మరాజు అటువైపు నుంచి ఎవరైనా మావైపు వస్తారా అని అడిగితే వచ్చినవాడు ఇతనొక్కడే. యుద్ధం ముగిశాక బతికి ఉన్నవాడూ ఇతనే. చివరికి పాండవులు మహాప్రస్థానానికి బయల్దేరుతూ పరీక్షిత్తుకి పట్టం కట్టి, రాజ్యభారం చూసుకోమని అప్పజెప్పింది ఈ ధృతరాష్ట్ర పుత్రుడికే. రామాయణంలో విభీషణుడి పేరుకి భయంకరుడని అర్థం. అంతటి మెత్తని మనిషి లంకలో మరొకడు లేడు. ఇక కర్ణుడి సంగతి చెప్పనక్కరలేదు. పుట్టుక చేత కౌంతేయుడు, పెంపకం చేత రాధేయుడు. యుద్ధానికి ముందు శ్రీకృష్ణుడే నిజం చెప్పినా రాధేయుడుగానే ఉండిపోయాడు.

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి చెబుతాను. ఇది చెప్పాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను.

మేము పనిచేసే రోజుల్లో మా ఆఫీసు యూనియను రెండయింది. రెండింటి పేర్లలోనూ అవే మాటలు. వరస మాత్రం మార్చారు. బయటివాళ్ళకి ఏది ఏదో తెలిసేది కాదు. మాకు మాత్రం బాగా తెలుసు. నా పక్క సీటు మిత్రుడు అవతలి యూనియన్లో చేరాడు. అప్పటిదాకా ఇద్దరం ఒకే క్యారియరులో తిన్నవాళ్ళం. ఆ తరువాత మేము పదిహేడు రోజులు సమ్మె చేశాం. అవతలివాళ్ళు చేయలేదు. నోటీసు బోర్డు మీద ద్రోహుల పట్టీ అని ఒకటి అంటించాం. అందులో ఆయన పేరు నా చేతిరాతతోనే ఉంది. పదకొండేళ్ళు మాట్లాడుకోలేదు.

2007లో, నా రిటైర్మెంటుకి ఏడాది ముందు, పెన్షను కాగితాలు తయారవుతున్నాయి. ఆ పదిహేడు రోజులని సెలవుగా క్రమబద్ధం చేసిన ఎంట్రీ నా సర్వీసు రిజిస్టరులో లేదు. అది లేకపోతే సర్వీసు తెగిందని అభ్యంతరం వస్తుందని అందరూ భయపెట్టారు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షనులో అప్పుడు ఆయనే ఉన్నాడు. అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఆయనే రెండు ఆదివారాలు రికార్డు రూములో కూర్చుని, చెదలు పట్టిన కట్టల్లోంచి పాత ప్రొసీడింగ్సు కాపీ వెతికి తీసి, ఎంట్రీ వేయించి, సంతకం కోసం నా బల్ల మీద పెట్టాడు. "సమ్మె చేసింది నువ్వు, దుమ్ము తిన్నది నేను" అన్నాడు. అంతే. నేను ప్రతినెలా తీసుకునే పెన్షనులో ఆ దుమ్ము ఉంది.

ఆయన నాలుగేళ్ళ కిందట పోయారు. రిటైరయ్యాక ఆయన అవతలి సంఘంలో సభ్యుడు. సంతాపసభ వాళ్ళే పెట్టారు. మనవాళ్ళెవరూ వెళ్ళలేదు. నేను వీధి చివరిదాకా వెళ్ళాను. హాలు ముందు వాళ్ళ సంఘం బోర్డు కనపడింది. లోపలికి వెళితే మనవాళ్ళు ఏమనుకుంటారో అని వెనక్కి తిరిగి వచ్చేశాను. వికర్ణుడి కోసం భీముడు విచారించాడు. నేను ఆపాటి కూడా చేయలేకపోయాను.

ఈ సాయంత్రం సర్వసభ్య సమావేశంలో రెండు సంఘాలూ ఒకటి కావాలన్న తీర్మానం చర్చకి వస్తుంది. రెండు కమిటీలూ మూడుసార్లు కూర్చున్నాయి. చందా మీద పేచీ రాలేదు. నిధుల మీద పేచీ రాలేదు. పేరు దగ్గర ఆగిందని విన్నాను. ఎవరి మాట ముందు ఉండాలి, ఎవరి మాట వెనక ఉండాలి అని. రెండు పేర్లలోనూ ఉన్న మాటలు అవే కదండీ! అదితికీ దితికీ ఉన్నపాటి తేడా అయినా లేదు. ఇద్దరమూ నవంబరులో ఒకే లైఫ్ సర్టిఫికెట్టు ఇస్తాం. ఇద్దరి మోకాళ్ళూ ఒకే రకంగా నొప్పి పెడతాయి. అభ్యంతరాలు ఉన్నవారు చెప్పండి, వినవలసిందే. పేరు గురించి మాత్రం వద్దని నా మనవి.

భారతంలో చివరగా ఒక్క ఘట్టం చెప్పి ముగిస్తాను. నూరుగురు అన్నదమ్ములకి ఒక్కతే చెల్లెలు, దుస్సల. ఆమె పేరులోనూ ఆ "దుః" ఉంది. ఆమె భర్త సైంధవుడు అర్జునుడి చేతిలో పోయాడు. యుద్ధమయ్యాక అశ్వమేధపు గుర్రం వెంట అర్జునుడు సింధుదేశం వెళ్ళాడు. మళ్ళీ యుద్ధం మొదలైంది. అప్పుడు దుస్సల పసివాడైన మనవణ్ణి వెంటబెట్టుకుని యుద్ధభూమికి వచ్చింది. ఆమెని చూసి అర్జునుడు గాండీవం కింద పెట్టేశాడు. ఆమె ధృతరాష్ట్రుడి కూతురని చూడలేదు. తన చెల్లెలని చూశాడు. అక్కడితో యుద్ధం ఆగిపోయింది.

మనకీ మనవలు ఉన్నారు. వాళ్ళు అడిగితే ఏమి చెబుతామో ఆలోచించుకుని సాయంత్రం చెయ్యెత్తండి.

 సాంబారు చల్లారకముందే సెలవు తీసుకుంటున్నాను.