మూటకట్టిన డిస్కులోనికి చూచుట

నేడు మన గృహములలో కంప్యూటరు భోషాణము పని కూడ చేయుచున్నది. పెండ్లి ఛాయాచిత్రములు, దస్తావేజుల నకళ్లు, పెద్దల కంఠస్వరములు దాని డిస్కుమీదనే ఉండును. డిస్కు చెడిపోవు దినము చెప్పి రాదు. అందుచే ముందుచూపు గలవారు డిస్కును మొదటినుండి తుదివఱకు ఉన్నది ఉన్నట్లుగా ఒకే ఫైలుగా దించి వేఱొకచోట దాచుదురు. దానికే డిస్కు ఇమేజి యని పేరు.

500 గిగాబైట్ల డిస్కునకు ఇట్టి ఇమేజియు 500 గిగాబైట్లే యగును. ఖాళీ స్థలమును సైతము అది విడిచిపెట్టదు. కావున దానిని కుదించి దాచుట వాడుక. 1992లో వెలువడిన జీజిప్ ఇందులకు మిక్కిలి ప్రసిద్ధము. కొన్నాళ్లకు అందులోని ఒక్క ఉత్తరము మాత్రము కావలసివచ్చును. అందుకొఱకు అంతటి మూటను పూర్తిగా విప్పవలసినదేనా? ఈనాడు మనము విచారింపదలచినది ఈ ప్రశ్ననే.

సమాధానము కుదించిన విధముమీద ఆధారపడియున్నది. ఒకసారి వచ్చిన అక్షరముల వరుస మరల వచ్చినచో జీజిప్ దానిని తిరిగి వ్రాయదు. ఇంత వెనుకకు పోయి ఇన్ని అక్షరములు తీసికొనుడని గుర్తు మాత్రము పెట్టును. ఆ వెనుకచూపు 32 కిలోబైట్ల వఱకు ఉండును. ఇట్లు ఒకదానినొకటి ఆశ్రయించి గొలుసువలె సాగుటచే, నడుమనున్న భాగమును చదువుటకు మొదటినుండి విప్పుకొని రావలసినదే. ఆశ్వాసవిభాగము, విషయసూచిక లేని కావ్యము వంటిది అది.

స్క్వాష్‌ఎఫ్ఎస్ పద్ధతి వేఱు. ఇది 2009 నుండి లైనక్సు కెర్నెలులో చేరియున్నది. ఫైలును సాధారణముగా 128 కిలోబైట్ల ఖండములుగా చేసి, దేనికది విడిగా కుదించి, ఏది ఎచ్చట నున్నదో పట్టిక వ్రాసికొనును. కోరిన ఖండములను మాత్రమే విప్పిన చాలును. మాకింటాషుమీద కుదించిన డీఎంజీ ఇమేజిలు వెంటనే తెఱచుకొనుటకును ఇట్టి ఖండవిభాగమే కారణము.

లైనక్సుమీద పని యిట్లు సాగును. ఇమేజిని ఉంచిన స్క్వాష్‌ఎఫ్ఎస్ ఫైలును మొదట మౌంటు చేయవలెను. లోపల మూల ఇమేజి పూర్తి పరిమాణముతో కానవచ్చును. దానిని లూప్ పరికరమునకు తగిలించినచో నిజమైన డిస్కువలె ప్రవర్తించును. డిస్కు మొదట విభాగముల పట్టిక యుండును గనుక ఫైళ్లు అక్కడనే ఆరంభము కావు. మొదటి విభాగము తఱచుగా 2048వ సెక్టారున మొదలగును. సెక్టారునకు 512 బైట్ల చొప్పున 10,48,576 బైట్లు దాటిన పిమ్మట నన్నమాట. కోరినచో పట్టికను చదివి విభాగములను వ్యవస్థయే చూపును. ఏది తెఱచినను చదువుటకు మాత్రమే తెఱువవలెను. లేనిచో చూచుటలోనే నకలు మారిపోవచ్చును.

ఇదివఱకే జీజిప్ మూటలున్నవారు ఒక్కసారి పూర్తిగా విప్పి ఈ విధముగా మార్చి ఉంచుకొనవచ్చును. క్లోన్‌జిల్లా ఇమేజిలు మాత్రము సామాన్యముగా వాడుకలోనున్న ఖండములనే దాచు వేఱు రూపమున నుండును. వానిని మొదట మూల ఇమేజిగా మార్చుకొనవలెను.

జీజిప్ తన మూటను తానే పరీక్షించుకొనగలదు. చివరనున్న సరిచూపు సంఖ్య అందులకే యున్నది. కాని మూట చెక్కుచెదరలేదనుట వేఱు, అందు మన వస్తువు ఉన్నదనుట వేఱు. కావున నెలకో పండుగకో ఒకసారి నకలును తెఱచి, ఒక్క ఛాయాచిత్రమునైనను బయటికి తీసి చూచుకొనవలెనని శ్రోతలకు మా మనవి. ఆపద వచ్చిన దినమున తొలిసారి తెఱచు నకలును నమ్ముకొని నిశ్చింతగా ఉండుటకు వీలులేదు.