ఒకే మందు, వేర్వేరు దేహములు

ఒక దృశ్యమును ఊహింపుడు. శస్త్రచికిత్స ముగిసినది. కుట్లును వేసిరి. కాని రోగి తనంతట ఊపిరి తీసికొనుట లేదు. శ్వాసనాళములో గొట్టము అమర్చుటకై, కండరములను సడలించు సక్సినైల్ కోలిన్ అను మందు నిచ్చిరి. దాని ప్రభావము పది నిమిషములలో తీరవలెను. గంటలు గడచినను తీరలేదు. మోతాదు అందరికి ఇచ్చునదే!

ఇట్టి రోగిని 'ఏదో వింత' యని విడిచిపెట్టకుండుటయే, మందులు మనిషి మనిషికి ఏల వేర్వేరుగ పనిచేయునో పరిశోధింపబూనిన విద్యార్థికి మొదటి పాఠమని నా నమ్మకము.

1950వ దశకమున కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయమున వెర్నర్ కాలో ఈ ప్రశ్ననే చేపట్టెను. రక్తములోని కోలినెస్టరేజ్ అను ఎంజైము ఈ మందును విరిచివేయును. మందు నిలిచినదన్న, ఎంజైము తక్కువయి యుండునని ఎవరైనను అనుకొందురు. కాలో అంతటితో తృప్తిపడక దాని గుణమును పరీక్షించెను. డిబుకెయిన్ అను మరియొక మందు కలిపినపుడు సామాన్యుల ఎంజైము శక్తి నూటికి సుమారు 80 పాళ్లు అణగును. ఈ రోగులలో కొందరిది సుమారు 20 పాళ్లే అణగినది. కొరత కాదు, ఎంజైమే వేరు! ఆ పరీక్షావిధానము 1957లో వెలువడినది. కుటుంబములను పరీక్షింపగా ఈ భేదము వంశానుగతమని తేలెను. 1959లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ ఫోగెల్ ఈ శాస్త్రమునకు 'ఫార్మకోజెనెటిక్స్' అని పేరు పెట్టెను.

ఈ ప్రశ్న మన యిండ్లలోనికిని వచ్చినది. వైశ్య కుటుంబములలో కొందరికి ఈ మందు త్వరగా తీరదని దక్షిణాది మత్తువైద్యులు ఎరుగుదురు. కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విదేశీ సహచరులతో కలిసి 2006లో అందుకు కారణమును ప్రకటించిరి. ఆ ఎంజైములో 307వ స్థానమున ల్యూసిన్ ఉండవలసినచోట ప్రోలీన్ ఉన్నది. ఈ మార్పు తల్లి తండ్రి ఇరువురినుండియు సంక్రమించినవారిలో ఎంజైము శక్తి దాదాపు శూన్యము. టొరంటో సమాధానమును తెచ్చి ఇక్కడ అతికించు విద్యార్థి పొరబడును.

అందుచేత అతనికి ఔషధశాస్త్రము, జన్యుశాస్త్రము, గణాంకశాస్త్రము మూడును నేర్పవలెను. కొంతకాలము ఆసుపత్రిలోను నిలుపవలెను. కులము పేరడిగి ఊరకుండుట శాస్త్రము కాదు. ఆ కులమువారిలో అనేకులకు ఈ లోపము లేదు, ఇతరులకును ఉండవచ్చును. పరీక్షింపవలసినది రక్తమును.

ఇక మన రోగి మాట. మత్తు కొనసాగించుచు, యంత్రముతో శ్వాస ఆడించుచుండిన, మందు మెల్లగా తీరును, రోగి కోలుకొనును. పిమ్మట వైద్యుడు ఈ సంగతిని చీటీమీద వ్రాసి యివ్వవలెను. మరల ఎపుడు శస్త్రచికిత్సకు పోయినను ఆ చీటీ చూపవలెను. అన్నదమ్ములును, అక్కచెల్లెండ్రును రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది.